ఒకే అక్షరం, రెండు మాటలు

పలక, కలము. మూడేసి అక్షరాల ఈ రెండు మాటలను కలిపి ‘పలకలము’ అని రాస్తే ఐదు అక్షరాలే సరిపోతాయి. నడుమనున్న ‘క’ మొదటి మాటకు ముగింపు, రెండో మాటకు మొదలు. అంత్యాక్షరి ఆడే పిల్లలకు ఇది తెలిసిన పద్ధతే. బ్యాక్టీరియా జన్యువుల్లోనూ ఇలాంటి అమరిక ఉంది. వీటిని అతివ్యాప్త జన్యువులు అంటారు.

మన పేగుల్లో ఉండే ఈ-కోలై బ్యాక్టీరియానే చూద్దాం. ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లాన్ని తయారు చేసుకోవడానికి దానిలో ఐదు జన్యువులు వరుసగా ఉన్నాయి. జన్యు సందేశంలో మూడేసి అక్షరాలు ఒక్కో మాట. ‘యుజిఎ’ అంటే ఆపు. ‘ఎయుజి’ అంటే మొదలుపెట్టు. మొదటి జన్యువు ముగిసి రెండోది మొదలయ్యే చోట ‘యుజిఎయుజి’ అని ఐదు అక్షరాలే ఉంటాయి. నడుమనున్న ‘ఎ’ రెండింటిదీ.

దీనివల్ల లాభమేమిటి? కనేరిలో సాంచాలు నడిపేవారికి ఇది చప్పున అర్థమవుతుంది. బీము అయిపోతే కొత్త పోగులను పాత పోగుల చివర్లకు ముడివేస్తారు. అచ్చులోకి మళ్లీ ఒక్కో పోగూ ఎక్కించే పని తప్పుతుంది. ప్రొటీన్లను తయారుచేసే రైబోజోము కూడా మొదటి జన్యువు ముగిసిన చోటే రెండోదాన్ని అందుకుంటుంది. ఈ రెండు ప్రొటీన్లు సమాన సంఖ్యలో కలిసి ఒకే ఎంజైముగా పనిచేస్తాయి. ఒకటి ఎక్కువై మరొకటి తక్కువైతే శ్రమ వృథా. మొదటి జన్యువు చదవడం మధ్యలో ఆగితే రెండో ప్రొటీను కూడా బాగా తగ్గుతుందని 1980లో ఓపెన్‌హైమ్, యానోఫ్‌స్కీ చూపించారు.

బ్యాక్టీరియా జన్యువుల్లో దాదాపు మూడో వంతు ఇలా పక్క జన్యువుతో అక్షరాలు పంచుకుంటాయి. ఎక్కువగా ఒకటి లేదా నాలుగు అక్షరాలే. ఈ కలయిక ఏర్పడే దారుల్లో ఒకటి, ‘ఆపు’ అనే మాటలో ఒక అక్షరం మారిపోవడం. అప్పుడు చదవడం ఆగక, పక్క జన్యువులో ఎదురయ్యే మరో ‘ఆపు’ దాకా సాగుతుంది. బ్యాక్టీరియాకు మేలైతే ఆ మార్పు నిలుస్తుంది, కీడైతే పోతుంది.

అయితే ఉమ్మడి ఆస్తికి చిక్కులూ ఉమ్మడే. ‘పలకలము’లో ‘క’ చెరిగితే రెండు మాటలూ చెడతాయి. అలాగే ఉమ్మడి అక్షరం మారితే రెండు జన్యువులకూ దెబ్బ తగలవచ్చు.

ఉపాధ్యాయులుగా మేము కోరేది ఒక్కటే. సైన్సు మాకు రాదని తల్లిదండ్రులు పక్కకు తప్పుకోవద్దు. పోగుల ముడి గురించి మాకంటే మీకే బాగా తెలుసు. ఈ ఆదివారం పిల్లలకు అది చూపించండి. తర్వాత పడవ, వలస కలిపి పలక మీద రాయించండి. మిగతా పాఠం బడిలో మేము చెబుతాం.