‘ఉండాడు’ మారాల, ‘ఉండాలి’ మారకూడదు

మన హోసూరు వైపు మాటలను కంప్యూటర్లో ఎక్కించే పని రిటైరైనాక పెట్టుకున్నాను. ఎడమ పక్క మన ఇండ్లలో పలికే వాక్యం, కుడి పక్క అదే వాక్యం పుస్తకాల తెలుగులో. బళ్లో తమిళం, ఇంగ్లీషు చదివిన మన పిల్లలకు రెండూ పక్కపక్కన ఉంటే పోలిక తెలుస్తుందని.

మనం ‘ఉండాడు, వస్తుండాడు, చెప్తుండారు’ అంటాం. పుస్తకంలో ‘ఉన్నాడు, వస్తున్నాడు, చెప్తున్నారు’. తేడా నడుమ ముక్కలోనే: ‘ండా’ పోయి ‘న్నా’ వస్తుంది. ఇంతే కదా అని, ‘ండా’ ఉన్నచోటంతా ‘న్నా’ పెట్టమని ఒక్క నొక్కు నొక్కి, సేవ్ చేసి, మూసేసినా.

మరుసటి రోజు చూస్తే ‘ఉండాలి’ కాస్తా ‘ఉన్నాలి’, ‘జెండా’ ‘జెన్నా’. ఇవి కంటికి దొరికే తప్పులు. దొరకనిది ఒకటుంది. మా పెద్దమ్మ చెప్పిన ‘చెప్పకుండా పోయినాడు’ అనే వాక్యం ‘చెప్పకున్నా పోయినాడు’ అయి కూర్చుంది. తాను చెప్పకుండా పోవడం వేరు, ఎవరూ చెప్పకున్నా పోవడం వేరు. చదివేవాళ్లకు అది తప్పని కూడా తోచదు. పైగా ఎడమ పక్క కూడా మారిపోయింది. అడిగి దిద్దుకుందామంటే పెద్దమ్మ ఇప్పుడు లేదు. పెన్సిలుతో రాసుకున్న నోటుబుక్కు ఉంది కాబట్టి బతికినా.

దీనికి రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ అనే పద్ధతి ఉంది. ఇందులో ఒక మాటను కాకుండా మాట ఆకారాన్ని వెతకమంటాం. లిబ్రెఆఫీస్ రైటర్‌లో వెతికి మార్చే పెట్టెలో ఆ పేరుతోనే ఉన్న గడికి టిక్కు పెట్టి, ఇట్లా రాయాల:

వెతకాల్సింది: (ఉ|తు)ండా(డు|రు|ను|వు)
పెట్టాల్సింది: $1న్నా$2

నిలువు గీతకు ‘లేదా’ అని అర్థం. బ్రాకెట్లో పడింది భద్రంగా ఉంటుంది. $1 అంటే మొదటి బ్రాకెట్లో దొరికింది, $2 అంటే రెండో దాంట్లో దొరికింది. బ్రాకెట్టు లేని ‘ండా’ మాత్రమే మారుతుంది. ‘వస్తుండాడు’లో ‘తు’, ‘డు’ తిరిగి వాటి చోటికే వస్తాయి, ముందున్న ‘వస్’ జోలికే పోదు. ‘ఉండాలి’లో చివర ‘లి’ ఉంది, ‘చెప్పకుండా’లో ముందు ‘కు’ ఉంది, రెండూ తప్పించుకుంటాయి.

ముందు బ్రాకెట్టు ఎందుకంటారా? అది లేకపోతే ‘జెండాను ఎగరేసినారు’లో ‘ండాను’ దొరికి మళ్లీ ‘జెన్నాను’ అవుతుంది. ‘వుండాడు’ అని రాసే అలవాటుంటే ‘వు’ కూడా అందులో చేర్చాల. ‘ఉండాది’ని కావాలనే వదిలినా, పుస్తకంలో అది ‘ఉన్నది’ లేదా ‘ఉంది’, ‘ఉన్నాది’ కాదు. దాన్ని విడిగా మార్చుకోవాల.

గూగుల్ షీట్స్‌లోనూ $1 పనిచేస్తుంది. పైథాన్‌లో రాసేవాళ్లు \1 అని పెట్టాల.

బ్యాంకులో లెడ్జరు తప్పును మేము చెరిపేవాళ్లం కాదు. తప్పు అంకె మీద ఒక గీత, పైన సరైన అంకె, పక్కన పొట్టి సంతకం. ఇక్కడా అదే జాగ్రత్త. ముందు ఫైలుకు ఇంకో కాపీ తీయండి. కుడి పక్క గడులను మాత్రమే ఎంచుకోండి. మార్చేముందు ఏవేవి దొరికినాయో ఒకసారి చదవండి.

ఎడమ పక్కది మన పెద్దోళ్లు వేసిన ఎంట్రీ. దాన్ని దిద్దే అధికారం మనకు లేదు.