కట్టబోయే ఇంటిపై నిజమైన ఎండ: డిజిటల్ రెండరింగ్‌లో వెలుతురు

లక్ష్యాలు
ఈ భాగం చదివిన తరువాత మీరు:
• రెండరింగ్ పనిచేసే తీరును వివరించగలుగుతారు.
• ఒక స్థలానికి తగిన సూర్యకాంతిని నమూనాలో అమర్చగలుగుతారు.
• చిత్రం ఎక్కడ తప్పుదోవ పట్టిస్తుందో గుర్తించగలుగుతారు.

1. పరిచయం
సంతబొమ్మాళి మండలంలో ఒక కుటుంబం ఇల్లు కట్టుకోదలచిందనుకోండి. ప్లాను గీతలు వారికి అర్థం కాకపోవచ్చు. మీరు చూపే రంగుల చిత్రం మాత్రం వెంటనే అర్థమవుతుంది. దాన్ని నమ్మే వారు ఏళ్ల తరబడి కూడబెట్టిన సొమ్ము ఖర్చు చేస్తారు. కాబట్టి ప్రతి చిత్రమూ ఒక హామీ వంటిది. ఆ హామీ ఎక్కువగా తప్పిపోయేది వెలుతురు దగ్గరే.

2. రెండరింగ్ అంటే ఏమిటి?
త్రిమితీయ నమూనాను, దాని ఉపరితలాల గుణాలను, వాటిపై పడే కాంతిని లెక్కగట్టి చిత్రంగా మార్చడమే రెండరింగ్. 1986లో జేమ్స్ కజియా ఈ లెక్కను 'రెండరింగ్ సమీకరణం'గా రూపొందించి, దాన్ని సాధించడానికి 'పాత్ ట్రేసింగ్' పద్ధతిని సూచించారు. ఇందులో కెమెరా నుంచి కిరణాలను పంపి, అవి గోడలకూ నేలకూ తగిలి ఎటు మళ్లుతాయో అనేకసార్లు లెక్కించి సగటు తీస్తారు. ఉచితంగా లభించే బ్లెండర్‌లోని 'సైకిల్స్' ఈ పద్ధతిలోనే పనిచేస్తుంది. కిరణాలు తగ్గితే చిత్రంలో నలకలు కనిపిస్తాయి; పెరిగితే ఎక్కువ సమయం పడుతుంది.

ఒకే ఇంటిని నౌపడ ఉప్పు మడుల పక్కన, ఉద్దానం కొబ్బరి తోటలో ఊహించండి. మొదటిచోట తెల్లని ఉప్పు వెలుతురును గోడలపైకి తిప్పికొడుతుంది. రెండోచోట నీడ, ఆకుపచ్చ ఛాయ ఉంటాయి. అందుచేత ఇంటితోపాటు పరిసరాలను కూడా నమూనాలో చేర్చాలి.

3. సూర్యుని స్థానం
అరసవల్లి సూర్యదేవాలయంలో ఏటా మార్చి రెండో వారంలోనూ, అక్టోబరు మొదటి వారంలోనూ ఉదయకిరణాలు మూలవిరాట్టును తాకుతాయి. మార్చి విషువత్తుకు సుమారు పది రోజుల ముందు, సెప్టెంబరు విషువత్తు తరువాత సుమారు పది రోజులకు సూర్యుడు ఖగోళ మధ్యరేఖకు దాదాపు 4 డిగ్రీలు దక్షిణంగా ఉంటాడు. కనుక రెండుసార్లూ దాదాపు ఒకే దిశలో ఉదయిస్తాడు. స్థలం, తేదీ, సమయం తెలిస్తే కిరణం ఎక్కడ పడుతుందో ముందే చెప్పవచ్చు. సాఫ్ట్‌వేర్ చేసేదీ ఇదే లెక్క.

సంతబొమ్మాళి సుమారు 18.5 డిగ్రీల ఉత్తర అక్షాంశంపై ఉంది. బ్లెండర్ 'సన్ పొజిషన్' అనుబంధంలో అక్షాంశ రేఖాంశాలు, తేదీ, సమయం ఇవ్వండి. భారత కాలమానం కోసం 5.5 గంటల తేడాను, నమూనాలో ఉత్తర దిశను సరిచూడండి. ఆపై ఇవి పరీక్షించండి:
• డిసెంబరు 21 మధ్యాహ్నం: సూర్యుడు దక్షిణాన 48 డిగ్రీల ఎత్తులో ఉంటాడు.
• జూన్ 21 మధ్యాహ్నం: నడినెత్తి నుంచి 5 డిగ్రీలు ఉత్తరానికి జరుగుతాడు.
• మే 15 సాయంత్రం 4 గంటలు: ఎత్తు సుమారు 31 డిగ్రీలే. మూడడుగుల చూరు పడమటి గోడపై రెండడుగుల లోపే నీడనిస్తుంది. ఆ గోడలో పెద్ద కిటికీ పెడితే గదిలోకి ఎండ వస్తుంది.

4. చుట్టిల్లు నేర్పేది
ఉత్తరాంధ్ర తీరంలోని చుట్టిల్లును పరిశీలించండి. తాటాకు కప్పు దాదాపు నేలదాకా వాలి, గోడకు ఎండ తగలనివ్వదు. గుండ్రని ఆకారం గాలికి ఎదురు నిలవకుండా దాన్ని పక్కలకు జారనిస్తుంది. అలంకారం కోసం కాక, ఈ కారణం కోసం దాన్ని ఆదర్శంగా తీసుకోండి.

చిత్రంలో చెట్ల నీడపై ఆధారపడేటప్పుడూ జాగ్రత్త అవసరం. 2018 అక్టోబరు 11న పలాస సమీపంలో తీరం దాటిన తిత్లీ తుపాను ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలను నేలకూల్చింది. కాబట్టి చెట్లు లేకుండా కూడా ఒక చిత్రం తీసి చూపండి. కెమెరాను మనిషి కంటి ఎత్తున, అంటే సుమారు అయిదడుగుల దగ్గర ఉంచండి. మరీ విశాలమైన లెన్సు చిన్న గదిని హాలులా చూపుతుంది.

5. సారాంశం
అందమైన సాయంకాలపు చిత్రం ఒక్కటే చూపితే ఇంటివారికి సగమే తెలుస్తుంది. మే నెల ఎండ చిత్రాన్నీ పక్కన పెట్టండి. కిటికీ మార్చడం కాగితంపై తేలిక. గోడ లేచాక భారం.

మీ ప్రగతిని సరిచూసుకోండి
1. పాత్ ట్రేసింగ్‌లో కిరణాల సంఖ్య చిత్రంపై చూపే ప్రభావం ఏమిటి?
2. అరసవల్లిలో కిరణాలు ఏడాదికి రెండుసార్లు తాకడానికి కారణం వివరించండి.
3. మీ ఇంటి పడమటి గోడపై మే నెలలో సాయంత్రం 4 గంటలకు పడే నీడను కొలిచి, నమూనాలోని నీడతో పోల్చండి.