భోగిమంటకు లొంగని పాతసామాను

ఇంటిలోనికి కొత్త వస్తువు రావడం తేలిక. పాతది వెళ్ళడమే కష్టం. మన పెద్దలు ఇందుకు ఒక పండుగనే ఏర్పాటు చేసుకున్నారు. భోగినాటి తెల్లవారుజామున విరిగిన మంచంకోళ్ళు, చెదలు తిన్న తలుపుచెక్కలు మంటకు ఆహుతి అయ్యేవి. మిగిలిన బూడిద పెరటి పాదులకు చేరేది. తెల్ల పొణికి కర్రను బొమ్మలుగా మలచి, సంక్రాంతి కొలువులకు పంపే కొండపల్లిలో కర్రకు ఆ వీడ్కోలు తగినదే.

కాని నేటి సామాను వేరు. నురుగు పరుపు, జిగురుతో అతికిన చెక్క బీరువా, ప్లాస్టిక్ కుర్చీ మంటలో పడితే వెలువడేది వెచ్చదనం కాదు, విషధూమం. చెడిన రిఫ్రిజిరేటరు మంటకూ లొంగదు, మన్నుకూ లొంగదు.

జపానులో ఇట్టి పెద్ద సామానును ‘సొదాయ్ గోమి’ అంటారు. పురపాలక సంఘానికి ముందుగా తెలిపి, రుసుము చీటీ కొని అంటించి, చెప్పిన రోజున బయట పెట్టవలె. 2001లో అమలుకు వచ్చిన శాసనం ప్రకారం టెలివిజను, రిఫ్రిజిరేటరు, బట్టలుతికే యంత్రం, ఎయిర్ కండిషనరులను వదిలించుకొనే ఖర్చు వాడినవారిదే.

మన వాకిట పాతసామాను వర్తకుడే ఎదురు సొమ్ము ఇస్తాడు. అతని బండి ఎక్కనిదే కాలువగట్టుకు చేరుతుంది. కంటికి దూరమైనంత మాత్రాన వస్తువు ఊరికి దూరం కాదు. కొనేనాడే దాని కడపటి మజిలీని తలచుకోవడం గృహస్థ ధర్మం.