బ్యాటరీ లోపలి పద్దు

సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్ కొనేవాళ్లు ర్యామ్ ఎంతో అడుగుతారు, ప్రాసెసర్ ఏ తరమో చూస్తారు, తెరను వెలుతురులో అటూ ఇటూ తిప్పుతారు. "బ్యాకప్ ఎంత వస్తుంది?" అన్న ప్రశ్న చివర్లో వస్తుంది. "మూడు గంటలు గ్యారంటీ సార్" అన్న జవాబు వెంటనే వస్తుంది. ఆ మాట నిజమో కాదో తెలిసిన సాక్షి ఆ ల్యాప్‌టాప్‌లోనే ఉంది. బ్యాటరీ ప్యాక్‌లో సెల్స్ పక్కన చిన్న సర్క్యూట్ బోర్డు, దాని మీద ఓ చిప్ ఉంటాయి. ప్యాక్‌లోకి వచ్చిన కరెంటునీ, బయటికి పోయిన కరెంటునీ ఆ చిప్ మొదటి రోజు నుంచీ లెక్కపెడుతూనే ఉంటుంది. ఎలక్ట్రానిక్స్ వాళ్లు దాన్ని ఫ్యూయల్ గేజ్ అంటారు.

వోల్టేజీ కొలిస్తే సరిపోదా అని తరగతిలో ఎవరో ఒకరు అడుగుతారు. చాలా మంచి ప్రశ్న. నిండుగా ఉన్న లిథియం అయాన్ సెల్ సాధారణంగా 4.2 వోల్టులు చూపిస్తుంది. ఖాళీ అయ్యేసరికి 3 వోల్టుల దగ్గరికి దిగుతుంది. కానీ ఈ దిగడం ఒకే వాలులో సాగదు. సెల్ తన ప్రయాణంలో ఎక్కువ భాగం 3.7 వోల్టులకు అటూ ఇటూగా గడిపేస్తుంది. పైగా వీడియో పెట్టగానే వోల్టేజీ పడుతుంది, ఆపగానే లేస్తుంది. ఇలాంటి అంకెను చూసి 60 శాతమో 40 శాతమో చెప్పడం కష్టం.

అందుకే కరెంటు వెళ్లే దారిలో ఓ బుల్లి రెసిస్టర్ పెడతారు. దాని విలువ సుమారు 10 మిల్లీఓమ్‌లు, అంటే ఓమ్‌లో నూరో వంతు. ఒక ఆంపియర్ పారితే దాని రెండు కొసల మధ్య 10 మిల్లీవోల్టుల తేడా వస్తుంది. చిప్ ఆ తేడాను విడవకుండా కొలిచి, కాలంతో గుణించి, కూడుతూ పోతుంది. ఒక ఆంపియర్ ఒక సెకను పాటు పారితే ఒక కూలుంబ్. 4400 మిల్లీఆంపియర్ అవర్ ప్యాక్‌లో 15,840 కూలుంబులు పడతాయి. ధాన్యం గోదాము గుమ్మంలో కూర్చుని, వచ్చే బస్తాలూ పోయే బస్తాలూ రాసుకునే గుమాస్తా పని ఇదే.

గుమాస్తా ఒక్కో బస్తా తప్పు రాసినా నెల తిరిగేసరికి పద్దు కుదరదు. చిప్ కొలతలో ఒక్క మిల్లీఆంపియర్ తేడా ఉందనుకుందాం. 30 రోజుల్లో అది 720 మిల్లీఆంపియర్ అవర్ అవుతుంది. 4400లో అది 16 శాతం! దీనికి చేసిన విరుగుడు ఎంతో అందమైనది. ల్యాప్‌టాప్ చాలాసేపు ఆగి ఉన్నప్పుడు కరెంటు దాదాపు పారదు, సెల్ కుదుటపడుతుంది. ఆ నిలకడ వోల్టేజీకీ మిగిలిన ఛార్జికీ గట్టి సంబంధం ఉంది. చిప్ తన దగ్గరున్న పట్టికతో దాన్ని పోల్చుకుని పద్దు సరిచేసుకుంటుంది.

మరికొన్ని చిప్‌లు సెల్ అంతర్నిరోధాన్ని కూడా నేర్చుకుంటాయి. ముసలి బ్యాటరీకి అది పెరుగుతుంది. ప్యాక్ నిరోధం 0.3 ఓమ్‌కు చేరిందనుకుంటే, 3 ఆంపియర్లు లాగగానే 0.9 వోల్టు లోపలే పోతుంది. 30 శాతం చూపిస్తూనే పాత ల్యాప్‌టాప్ టప్పున ఆరిపోవడానికి ఇదొక ముఖ్య కారణం.

సెల్ ముసలిదయ్యేది ఎందుకంటే, లోపలి గ్రాఫైట్ ఎలక్ట్రోడ్ మీద ఏర్పడే సన్నని పొర ఏటా కొంత లిథియాన్ని బంధించేస్తుంది. వేడి, ఎప్పుడూ 100 శాతం ఛార్జిలో ఉండడం ఆ పనిని వేగం చేస్తాయి. శాస్త్రవేత్తలు విటింగ్‌హామ్, గుడ్ఇనఫ్, యోషినోలు వేసిన పునాది మీద 1991లో సోనీ ఈ లిథియం అయాన్ బ్యాటరీని మార్కెట్లోకి తెచ్చింది. ముగ్గురికీ 2019లో నోబెల్ వచ్చింది.

ఇంత నమ్మకమైన పద్దును ఎవరైనా దిద్దగలరా? దిద్దగలరు. తయారీదారు అమరికలు రాశాక చిప్‌కు పాస్‌వర్డ్‌తో సీలు వేస్తారు. 2011లో లాస్ వేగాస్‌లో జరిగిన బ్లాక్ హ్యాట్ సమావేశంలో భద్రతా పరిశోధకుడు చార్లీ మిల్లర్ ఆ సీలు ఎంత బలహీనమో చూపించారు. ఆయన పరిశీలించిన యాపిల్ ల్యాప్‌టాప్ బ్యాటరీల్లో టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ చిప్ ఉంది, దాని పాస్‌వర్డ్ ఫ్యాక్టరీలో పెట్టినదే! యాపిల్ విడుదల చేసిన ఓ బ్యాటరీ అప్‌డేట్‌ను విప్పి చూసి ఆయన తాళంచెవి సంపాదించారు. చిప్ చెప్పే అంకెలు మార్చగలిగారు, బ్యాటరీలను శాశ్వతంగా పనికిరాకుండా చేయగలిగారు. బ్యాటరీని పేల్చి మాత్రం చూపించలేదు. ఆ పాస్‌వర్డ్‌ను యాదృచ్ఛిక అంకెలతో మార్చేసే ఓ చిన్న ప్రోగ్రామ్‌ను కూడా ఆయనే రాసి ఇచ్చారు.

సెకండ్ హ్యాండ్ కొనేవాళ్లకు ఇందులో నేరుగా సంబంధించిన విషయం ఉంది. సీలు తీయగలిగితే సైకిల్ కౌంట్‌ను, అంటే బ్యాటరీ ఎన్నిసార్లు నిండి ఖాళీ అయిందో చెప్పే లెక్కను, సున్నా చేయవచ్చు. విండోస్‌లో పవర్‌సీఎఫ్‌జీ ఆదేశంతో బ్యాటరీ రిపోర్ట్ తీస్తే డిజైన్ కెపాసిటీ, ఫుల్ ఛార్జ్ కెపాసిటీ పక్కపక్కనే కనిపిస్తాయి. 50 వాట్ అవర్‌కు తయారైనది 32 చూపిస్తే అది నమ్మదగ్గ ముసలితనం. ఐదేళ్ల మెషీన్‌లో ఆ రెండంకెలూ అచ్చంగా సమానమై, సైకిల్స్ రెండో మూడో ఉన్నాయంటే బ్యాటరీ నిజంగా కొత్తదా అని అడగాలి, బిల్లు చూడాలి. ఛార్జర్ తీసేసి అరగంట వీడియో ఆడిస్తే శాతం ఎలా దిగుతోందో కళ్లారా తెలుస్తుంది. టచ్‌ప్యాడ్ పైకి లేచినా, అడుగు భాగం బల్ల మీద సమంగా ఆనకపోయినా సెల్ ఉబ్బి ఉండవచ్చు. అలాంటిది ఎంత చవకైనా వద్దు.

డిస్క్ కూడా పాత సంగతులు దాచుకుంటుంది. ఎంఐటీలో పరిశోధకులు గార్ఫింకెల్, షెలాట్‌లు 158 పాత హార్డ్ డిస్కులు కొని, 2003లో ఫలితాలు ప్రచురించారు. పనిచేసిన 129లో సరిగ్గా తుడిచినవి 12 మాత్రమే. కాబట్టి అమ్మేవాళ్లు డిస్క్‌ను పూర్తిగా తుడవాలి, కొన్నవాళ్లు విండోస్‌ను మొదటి నుంచి ఎక్కించుకోవాలి. కంపెనీల లీజు ముగిసి వచ్చిన మెషీన్లలో మరో తాళం ఉండవచ్చు. దుకాణంలోనే బయాస్ తెరిచి పాస్‌వర్డ్ అడుగుతుందేమో చూసుకోవాలి. విండోస్ సెటప్‌లో ఇంటర్నెట్ కలిపాక పాత కంపెనీ లాగిన్ తెర వస్తే, ఆ మెషీన్ ఇంకా వాళ్ల జాబితాలోనే ఉన్నట్టు. దాన్ని తీయించాకే డబ్బు ఇవ్వాలి.