ధర్నాల హోరు: నివాసితులకు చట్టం కల్పించిన రక్షణ

శ్రీకాకుళం: శాంతియుతంగా సమావేశమై నిరసన తెలిపే స్వేచ్ఛను రాజ్యాంగంలోని 19వ అధికరణ పౌరులకు ప్రసాదించింది. ఇంటిలో ప్రశాంతంగా జీవించడం 21వ అధికరణ కల్పించిన జీవించే హక్కులో భాగమేనని, వినడానికి ఇష్టపడని వారికి బలవంతంగా వినిపించే హక్కు ఎవరికీ లేదని సుప్రీంకోర్టు 2005 జూలై 18న ఇచ్చిన తీర్పులో స్పష్టం చేసింది.

కోటబొమ్మాళి మండలం హరిశ్చంద్రపురం మొదలు టెక్కలి, పలాస మీదుగా ఉద్దానం తీరం వరకు ఉద్యమాలు కొత్త కావు. థర్మల్ విద్యుత్ కేంద్రాలకు వ్యతిరేకంగా సాగిన ఆందోళనల్లో 2010 జూలై 14న సోంపేటలో, 2011 ఫిబ్రవరి 28న కాకరాపల్లిలో పోలీసు కాల్పులు జరిగి ప్రాణాలు పోయాయి. అందువల్ల ఇక్కడ నిరసనను కేవలం గోలగా చూడటం సరికాదు. అదే సమయంలో, శిబిరం పక్క ఇంట్లో డయాలసిస్ చేయించుకొని వచ్చి పడుకున్న రోగికి మైకు హోరు చిన్న విషయం కాదు.

ధ్వని కాలుష్య (నియంత్రణ, నివారణ) నిబంధనలు, 2000 ప్రకారం లౌడ్ స్పీకర్ వాడకానికి లిఖితపూర్వక అనుమతి తప్పనిసరి. రాత్రి 10 గంటల నుంచి ఉదయం 6 గంటల వరకు బహిరంగ ప్రదేశాల్లో దాని వాడకం నిషిద్ధం. ఏడాదిలో 15 రోజులకు మించకుండా అర్ధరాత్రి 12 గంటల వరకు ఇవ్వదగిన సడలింపు సాంస్కృతిక, మతపరమైన ఉత్సవాలకే గాని ధర్నా శిబిరాలకు వర్తించదు. నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ పరిమితి. మామూలు సంభాషణే సుమారు 60 డెసిబెల్స్ ఉంటుందన్నది గమనార్హం. ఆసుపత్రులు, విద్యాసంస్థలు, న్యాయస్థానాల చుట్టూ 100 మీటర్ల మేర నిశ్శబ్ద మండలం అంటారు గాని, 2017 సవరణ తరువాత ప్రభుత్వం ప్రకటిస్తేనే అది అమలులోకి వస్తుంది.

పగటిపూట పరిమితిని 10 డెసిబెల్స్ లేదా అంతకు మించి శబ్దం దాటితే ఫిర్యాదు చేయవచ్చు. దీనికి కొలత అవసరం. రాత్రి 10 తరువాత మైకు మోగినా, అసలు అనుమతే లేకపోయినా కొలత అక్కరలేదు. ఆ ఉల్లంఘన ఒక్కటే చాలు. 112కు ఫోన్ చేసిన వెంటనే తేదీ, సమయం, మైకు ఇంటికి ఎంత దూరంలో ఉన్నదీ రాసి పోలీసు స్టేషన్‌లో ఇచ్చి రసీదు తీసుకోవడం మేలు.

దారి మూసివేస్తే విషయం వేరు. భారతీయ న్యాయ సంహిత 285వ సెక్షన్ కింద రూ.5,000 వరకు జరిమానా ఉంటుంది. భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 152వ సెక్షన్ కింద (2024 జూలై 1కి ముందు ఇది సీఆర్పీసీ 133) ఆటంకాన్ని తొలగించాలని సబ్ డివిజనల్ మేజిస్ట్రేట్ షరతులతో కూడిన ఉత్తర్వు ఇవ్వవచ్చు. హరిశ్చంద్రపురం వాసులు ఇందుకు టెక్కలి డివిజన్ కార్యాలయాన్ని ఆశ్రయించాలి. సివిల్ ప్రొసీజర్ కోడ్ 91వ సెక్షన్ ప్రకారం ఇద్దరు లేదా అంతకంటే ఎక్కువ మంది కోర్టు అనుమతితో దావా వేయవచ్చు. ప్రత్యేకంగా తమకు నష్టం జరిగిందని నిరూపించనక్కర లేదు.

ఢిల్లీలో జంతర్ మంతర్ నివాసితుల ఫిర్యాదుపై 2017లో అక్కడి ధర్నాలను నిషేధించగా, సంపూర్ణ నిషేధం కుదరదని, మార్గదర్శకాలు రూపొందించాలని 2018 జూలై 23న సుప్రీంకోర్టు ఆదేశించింది. రోడ్లపై సభలను నియంత్రిస్తూ రాష్ట్ర ప్రభుత్వం 2023 జనవరి 2న జారీ చేసిన జీవో నెం.1ను సైతం ఆంధ్రప్రదేశ్ హైకోర్టు అదే ఏడాది మే 12న కొట్టివేసింది. కనుక శిబిరాన్నే ఎత్తివేయాలన్న అర్జీకన్నా, మైకు ఆపాలని, దారి వదలాలని కోరే అర్జీకే చట్టం ముందు బలం ఎక్కువ.