5.4 పాత కారుకు యూనివర్సల్ అల్యూమినియం రేడియేటర్ అమర్చడం

5.4.1 పరిచయం

ఇంజన్ శీతలీకరణ వ్యవస్థలోని భాగాలను గత విభాగంలో తెలుసుకున్నారు. ఇప్పుడు 1489 సీసీ పెట్రోలు ఇంజన్ గల పాత అంబాసిడర్‌ను ఉదాహరణగా తీసుకుందాం. ఈ కారు తయారీ 2014లో ఆగిపోయింది. అసలు రేడియేటర్ పాడైనప్పుడు చాలామంది యూనివర్సల్ అల్యూమినియం రేడియేటర్ వైపు చూస్తారు. 'యూనివర్సల్' అంటే అన్ని కార్లకూ సరిపోయేదని కాదు, ఏ ఒక్క కారు కోసమూ తయారుచేయనిదని అర్థం. దాన్ని కారుకు సరిపోయేలా చేసే బాధ్యత బిగించే మెకానిక్‌దే.

5.4.2 లోహం మారితే ఏం మారుతుంది?

ఉష్ణవాహకతలో రాగి మేలు. అయితే పాత రేడియేటర్లలో ఇత్తడి గొట్టాలకు రాగి రెక్కలను సీసం కలిసిన టంకంతో అతికేవారు. ఇత్తడి, టంకం రెండూ రాగి అంత బాగా వేడిని ప్రసరింపజేయవు. అల్యూమినియం తేలిక కాబట్టి, బరువు పెరగకుండానే గొట్టాలను వెడల్పుగా చేయవచ్చు. వెడల్పు గొట్టానికి రెక్క ఎక్కువ మేర ఆనుకుంటుంది. మంచి అల్యూమినియం రేడియేటర్ బాగా పనిచేయడానికి ఇదే కారణం.

5.4.3 కొనేముందు

ముందుగా ఇంజన్ ఎందుకు వేడెక్కుతోందో తేల్చాలి. థర్మోస్టాట్ బిగుసుకుపోయినా, ఇగ్నిషన్ టైమింగ్ తప్పినా కొత్త రేడియేటర్ వల్ల ప్రయోజనం ఉండదు. బ్లాకులోని తుప్పును ముందే కడిగేయాలి. లేకపోతే అది వచ్చి కొత్త గొట్టాలను పూడుస్తుంది. తర్వాత ఈ కొలతలు తీసుకోవాలి:

(అ) ఎత్తు, వెడల్పు, మందం. మందం పెరిగితే ఫ్యాన్‌కు దూరం తగ్గుతుంది. ఇంజన్ తన రబ్బరు మౌంటింగులపై కదులుతుంది కనుక రెక్కలకూ ఫ్యాన్‌కూ మధ్య ఖాళీ తప్పనిసరి.

(ఆ) పై హోస్, కింది హోస్ ఏ పక్కన ఉన్నాయి, వాటి వ్యాసం ఎంత.

(ఇ) నీళ్లు పోసే మూత ఎత్తు. ఇది వ్యవస్థ మొత్తంలో ఎత్తైన చోట ఉండాలి. లేకపోతే ఇంజన్ హెడ్‌లో గాలి చిక్కుకుంటుంది. గాలి చిక్కిన చోట లోహం విపరీతంగా వేడెక్కి, హెడ్ గ్యాస్కెట్ పోవచ్చు.

5.4.4 బిగించే పద్ధతి

రేడియేటర్‌ను చాసిస్‌కు నేరుగా బోల్టులతో బిగించకూడదు. కింద రబ్బరు దిమ్మలపై కూర్చోబెట్టి, పైన రబ్బరు బుష్‌లతో పట్టి ఉంచాలి. బాడీ మెలితిరుగుడు రేడియేటర్‌పై పడితే అతుకులు చిట్లుతాయి. ఎలక్ట్రిక్ ఫ్యాన్‌ను రెక్కల గుండా దూర్చే ప్లాస్టిక్ పిన్నులతో కాక, విడి బ్రాకెట్‌పై బిగించాలి. ఇంజన్‌కూ బాడీకీ మధ్య ఎర్త్ తీగ గట్టిగా ఉండాలి. అది వదులైతే విద్యుత్తు కూలెంట్ గుండా ప్రవహించి అల్యూమినియంను తినేస్తుంది.

5.4.5 మూత, కూలెంట్

మూత ఒత్తిడి చదరపు అంగుళానికి ఒక పౌండు పెరిగితే నీటి మరుగు స్థానం దాదాపు 1.6 డిగ్రీల సెల్సియస్ పెరుగుతుంది. 7 పౌండ్ల మూతతో అది సుమారు 111 డిగ్రీలు. అలాగని కొత్త రేడియేటర్‌తో వచ్చిన ఎక్కువ ఒత్తిడి మూతనే వాడితే పాత హోస్‌లు, హీటర్ పగలవచ్చు. కారు తయారీదారు చెప్పిన ఒత్తిడికే కట్టుబడాలి. బోరు నీరు పోయకూడదు. అందులోని లవణాలు పొరకట్టి తుప్పును పెంచుతాయి. అల్యూమినియంకు తగిన కూలెంట్‌ను డిస్టిల్డ్ వాటర్‌తో కలిపి, చల్లని ఇంజన్‌లోనే నింపాలి. ఇంజన్ వేడిగా ఉండగా మూత ఎప్పుడూ తీయరాదు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. నీళ్లు పోసే మూత ఎత్తైన చోట ఎందుకు ఉండాలి?
2. ఎర్త్ తీగ వదులైతే రేడియేటర్‌కు ఏమవుతుంది?