రొమ్ములో మంట: పంచాయతీ సభ్యులు తెలిసికొనవలసిన సంగతులు

నేడు గ్రామములలో కడుపునకు సంబంధించిన ఏ బాధ కలిగినను దానికి "గ్యాసు" అని పేరు పెట్టుట పరిపాటి అయినది. భోజనమైన పిమ్మట రొమ్ములో మంట పుట్టినను గ్యాసే. పుల్లని త్రేనుపులు వచ్చినను గ్యాసే. కడుపు ఉబ్బినను గ్యాసే. తుదకు గుండెపోటు వలన రొమ్ము పట్టివేసినను గ్యాసే. ఒక్క పేరు ఇన్ని బాధలకు చెల్లుచుండుటచే రెండు విధములైన నష్టములు కలుగుచున్నవి. అలవాట్లు మార్చుకొనిన తగ్గదగిన బాధను ఏండ్ల తరబడి బిళ్ళలు మ్రింగుచు భరించువారు కొందరు. ప్రాణము మీదికి వచ్చిన బాధను సోడా త్రాగి సరిపెట్టుకొని ఆలస్యము చేయువారు మరికొందరు. రాత్రివేళ ఎవరికైనను ఇట్టి బాధ కలిగినపుడు ఇరుగుపొరుగువారు ముందుగా తలుపు తట్టునది పెద్దల ఇండ్లనే గనుక, పంచాయతీ సభ్యుల ముందు ఈ విషయమును ఉంచుచున్నాము.

మంట ఎట్లు పుట్టును?

మనము తిన్న ఆహారము అన్నవాహిక అను గొట్టము గుండా జీర్ణాశయములోనికి దిగును. పెద్దలలో ఈ గొట్టము సుమారు 25 సెంటీమీటర్ల పొడవుండును. అది జీర్ణాశయముతో కలియుచోట గుండ్రని కండర మొకటి కలదు. దానిని చెరువు తూమునకు గల తలుపుతో పోల్చవచ్చును. ఆహారము దిగునప్పుడు అది తెరచుకొనును. దిగిన పిమ్మట మూసికొనును. జీర్ణాశయములో ఆహారమును అరిగించుటకు గాఢమైన ఆమ్లము ఊరును. జీర్ణాశయపు గోడను ఒక జిగట పొర దాని నుండి కాపాడుచుండును. అన్నవాహికకు అంతటి రక్షణ లేదు. ఆ తలుపు వదులైనను, వేళగాని వేళ తెరచుకొనినను ఆమ్లము పైకి ఎగదన్ని మంట పుట్టించును. అన్నవాహిక గుండె వెనుకగా పోవుటచే ఆ మంట రొమ్ములో తోచును. వైద్యులు దీనినే "యాసిడ్ రిఫ్లక్స్" అందురు.

ఎందరికి కలదు?

విందు భోజనము చేసిన నాడు ఒకమారు మంట పుట్టుట వ్యాధి కాదు. వారమునకు ఒక పర్యాయమో, అంతకు మించియో కలుగుచుండినచో పట్టించుకొనవలెను. వివిధ దేశముల సర్వేలను కలిపి చూడగా, ప్రపంచములోని వయోజనులలో నూటికి సుమారు 13, 14 మందికి ఇట్టి బాధ కలదని తేలినది. మన దేశములో జీర్ణకోశ వైద్యుల సంఘము వారు పలు కేంద్రములలో 3,000 మందికి పైగా ప్రశ్నించి 2011లో ప్రకటించిన నివేదిక ప్రకారము ఈ సంఖ్య నూటికి 7, 8 మంది. తరువాతి పరిశీలనలలో కొన్నింట ఇంతకంటె ఎక్కువ కనబడినది. తక్కువ లెక్కనే తీసికొనినను, 1,500 మంది వయోజనులు గల గ్రామములో నూరుమందికి పైగా దీనితో బాధపడుచున్నారని అంచనా వేయవచ్చును.

ఎవరికి ఎక్కువగా వచ్చును?

బొజ్జ పెరిగినవారికి పొట్టలోని ఒత్తిడి హెచ్చి ఆమ్లము పైకి నెట్టబడును. గర్భిణులలో పలువురికి ఈ కారణముననే మంట కలిగి, ప్రసవానంతరము సాధారణముగా తగ్గిపోవును. బీడీ, చుట్ట, సిగరెట్టు, మద్యము ఆ కండరమును వదులు చేయును. రాత్రి ప్రొద్దుపోయిన తరువాత కడుపునిండ భుజించి వెంటనే పండుకొనువారికి, మధ్యాహ్న భోజనము కాగానే నడుము వాల్చువారికి ఆమ్లము సులభముగా ఎగదన్నును. నూనెలో వేచిన పదార్థములు, గ్యాసు నింపిన శీతల పానీయములు, కాఫీ, టీ పలువురికి పడవు. కారము, పులుపు అందరికి ఒకే తీరుగా ఉండవు. ఎవరికి ఏది పడదో వారే గమనించుకొనవలెను.

కీళ్ళనొప్పులకు దుకాణములో కొని వాడు బిళ్ళలు జీర్ణాశయమునకు, అన్నవాహికకు హాని చేయగలవు. రక్తపోటునకు, ఉబ్బసమునకు వాడు మందులలో కొన్ని ఆ కండరమును సడలించును. అయినను ఆ మందులను తమంతట తాము మానరాదు. వైద్యునితో చెప్పి మార్పించుకొనవలెను.

ఇంటిలో చేయదగినవి

రాత్రి భోజనమునకును నిద్రకును 3 గంటల వ్యవధి ఉంచవలెను. ఒక్కసారిగా కడుపు నింపక కొద్దికొద్దిగా తినవలెను. మంచము తలవైపు కోళ్ళ క్రింద ఇటుకలు పెట్టి 6 నుండి 8 అంగుళములు ఎత్తు చేయవలెను. తలక్రింద దిండ్లు పెంచినచో నడుము వంగి పొట్టపై ఒత్తిడి పడును గాని ప్రయోజనము తక్కువ. ఎడమ ప్రక్కకు తిరిగి పండుకొనుట మేలు. నడుము వద్ద బిగుతైన దుస్తులు తగవు. బరువెక్కినవారు బరువు తగ్గించుకొనవలెను, పొగాకు మానవలెను. వంటసోడా కలిపిన నీరు క్షణకాలము ఉపశమనము నిచ్చినను దానిలోని ఉప్పుగుణము రక్తపోటు, మూత్రపిండ వ్యాధులు గలవారికి హాని కలిగించును. ఆమ్లము తగ్గించు ఒమెప్రజోల్ వంటి మందును భోజనమునకు అరగంట ముందు తీసికొనిననే చక్కగా పనిచేయును. దానిని ఎన్ని వారములు వాడవలెనో వైద్యుడు చెప్పవలెను.

ఉపేక్షింపరాని గుర్తులు

మ్రింగుట కష్టమగుట, కారణము లేక చిక్కిపోవుట, రక్తపు వాంతి, ఇనుము బిళ్ళలు వాడకున్నను మలము తారువలె నల్లగా పోవుట, మాటిమాటికి వాంతులు, ఏబదియేండ్లు దాటిన పిమ్మట క్రొత్తగా మంట మొదలగుట: వీనిలో ఏది కనబడినను ఆసుపత్రికి పోవలెను. దీర్ఘకాలము ఉపేక్షించినచో అన్నవాహికలో పుండ్లు పడి దారి ఇరుకు కావచ్చును. కొలదిమందిలో క్యాన్సరునకును దారితీయవచ్చును.

అన్నింటికంటె ముఖ్యమైన హెచ్చరిక మరియొకటి. రొమ్ముపై బరువు పెట్టినట్లుండి, నొప్పి ఎడమ చేతికో, దవడకో ప్రాకి, చెమటలు పట్టి, ఆయాసము తోచినచో అది గ్యాసని తలపరాదు. మధుమేహము గలవారిలోను, స్త్రీలలోను గుండెపోటు ఇంత స్పష్టముగా కనబడక, వికారము, నీరసము మాత్రమే ఉండవచ్చును. అనుమానము కలిగినచో మంటయో, పోటో ఇంటిలో తేల్చుకొనుటకు ప్రయత్నింపరాదు. 2005లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ప్రారంభమై నేడు రెండు తెలుగు రాష్ట్రములందును నడచుచున్న 108 అంబులెన్సును వెంటనే పిలువవలెను. గుండెపోటులో గడచు ప్రతి నిమిషమునకు గుండె కండరము కొంత నశించును. గ్యాసే అని ఆసుపత్రిలో తేలినను నష్టము లేదు. ఒక ప్రయాణము మాత్రమే వృథా అగును.

పంచాయతీ చేయదగినది

గ్రామసభలో ఒక అరగంట ఈ విషయమునకు కేటాయించి, ఉపకేంద్రపు ఆరోగ్య కార్యకర్తను పిలిపించి పై గుర్తులను అందరికి చెప్పింపవచ్చును. ముప్పది యేండ్లు నిండినవారు ఉపకేంద్రములో రక్తపోటు, మధుమేహ పరీక్షలు చేయించుకొనునట్లు ప్రోత్సహింపవచ్చును. పాఠశాలకు 100 గజముల లోపల పొగాకు అమ్మరాదను 2003 నాటి చట్టము తమ గ్రామమున అమలగుచున్నదో లేదో చూడవచ్చును. రాత్రివేళ రోగిని రోడ్డు వరకు చేర్చుటకు వాహనము గలవారి పేర్లను, ఫోను సంఖ్యలను పంచాయతీ కార్యాలయపు గోడపై వ్రాయింపవచ్చును. వీనిలో దేనికిని అధిక వ్యయము లేదు. "గ్యాసే లెమ్మని" ఊరకుండు అలవాటు మాన్పించినచో, రొమ్ముమంటతో బాధపడువారు తగిన వైద్యము పొందుదురు. గుండెపోటు వచ్చినవారు వేళకు ఆసుపత్రి చేరుదురు.